తుంటి కీలు మార్చారు సరే... మరి మంచం దింపేదెవరు?

పోయిన ఎపిసోడ్ కింద ఒకరు అడిగారు, "బ్రో, ఎప్పుడూ రాజులు, యుద్ధాలేనా, మన ఇంట్లో జరిగేదాని మీద ఒక హిస్టరీ ఎపిసోడ్ చెయ్యొచ్చు కదా" అని. సరే, ఇవాళ మా ఇంట్లో జరిగిన దాంతోనే మొదలుపెడతా.

మా అమ్మమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు. 2011లో ఆవిడ కుడి తుంటి కీలు అరిగిపోయి ఆపరేషన్ చేసి మార్చారు. నేనప్పుడు స్కూల్లో ఉన్నా. పదకొండేళ్ల తర్వాత, 2022లో, పెట్టిన కీలు లోపల వదులైపోయింది. దాన్ని తీసి ఇంకోటి పెట్టారు. దీన్నే రివిజన్ సర్జరీ అంటారు. అప్పటికి నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నా, వర్క్ ఫ్రమ్ హోమ్. కాబట్టి అమ్మమ్మని నడిపించే డ్యూటీ నాకు పడింది.

డిశ్చార్జ్ రోజు అమ్మమ్మ డాక్టర్ గారిని ఒక్కటే అడిగింది. "బాబూ, ఈసారైనా నేల మీద కూర్చోవచ్చా?" నొప్పి గురించి అడగలేదు, మందుల గురించి అడగలేదు. ఆయన నవ్వి, వద్దమ్మా అని, మా చేతిలో ఒక జిరాక్స్ కాగితం పెట్టారు. చేయకూడని పనుల లిస్టు అది. అందులో మూడో లైను ఏంటో తెలుసా? బాత్‌టబ్‌లోకి దిగకూడదు.

మా అమ్మమ్మ జీవితంలో బాత్‌టబ్ చూడలేదండీ. పీట గురించి ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. కత్తిపీట లేదు, తులసికోట దగ్గర వంగి ముగ్గు వేయడం లేదు, పెరట్లో ఉన్న పాత మోడల్ లెట్రిన్ లేదు. అప్పుడు నాకు అనిపించింది, ఈ కాగితం ఎవరింటి కోసం రాశారు? ఎప్పుడు రాశారు? అలా వెతుక్కుంటూ పోతే ఈ ఎపిసోడ్ తయారైంది. ముందే చెప్తున్నా, నేను బీటెక్ వాడిని, డాక్టర్‌ని కాదు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయి ఉంటే మీ సర్జన్, మీ ఫిజియో చెప్పిందే వినండి. నేను చెప్పేది చరిత్ర మాత్రమే.

మొదట కీలు సంగతి. తుంటి అంటే సింపుల్‌గా ఒక బంతి, ఒక గిన్నె. తొడ ఎముక పైకొస బంతిలా ఉంటుంది, కటి ఎముకలో గిన్నెలాంటి గుంట ఉంటుంది. ఆ బంతి ఈ గిన్నెలో తిరుగుతుంది. రెండింటి మీదా ఉండే నున్నటి పొర అరిగిపోతే ఎముక ఎముకకి రాసుకుంటుంది, అడుగు తీసి అడుగు వేయలేరు. దీన్ని బాగుచేయడానికి మనుషులు ఏమేం ప్రయత్నించారో వింటే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. 1890ల మొదట్లో బెర్లిన్‌లో గ్లుక్ అనే సర్జన్ ఏనుగు దంతంతో కీళ్లు చేసి పెట్టాడు. ఇన్ఫెక్షన్లతో అవి నిలబడలేదు. 1920లలో బోస్టన్‌లో స్మిత్ పీటర్సన్ ఆ బంతికి గాజు తొడుగు వేశాడు. గాజు కదా, పగిలింది. 1938లో లండన్‌లో ఫిలిప్ వైల్స్ స్టీలు బంతి, స్టీలు గిన్నె రెండూ పెట్టాడు. ఆ తర్వాత ప్యారిస్‌లో జుడే అన్నదమ్ములు యాక్రిలిక్ బంతి పెట్టారు.

ఈ యాక్రిలిక్ బంతి దగ్గరే అసలు కథ మొదలవుతుంది. అది పెట్టుకున్న ఒక పేషెంటు కదిలినప్పుడల్లా తుంటిలోంచి కీచుమని శబ్దం వచ్చేదట. ఎంతలా అంటే ఆయన భార్య అదే గదిలో కూర్చోవడం మానేసిందట. ఈ సంగతి ఇంగ్లాండ్‌లో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ చెవిన పడింది. వేరే ఎవరైనా నవ్వి ఊరుకునేవాళ్లు. ఈయన మాత్రం ఆలోచించాడు, శబ్దం వస్తోందంటే లోపల రాపిడి ఎక్కువుంది, రాపిడి ఎక్కువుంటే కీలు కదిలే ప్రతిసారీ దాన్ని ఎముకలో పట్టి ఉంచే వేరే కదిలిపోతుంది. అంటే మెషీన్ భాషలో ఇది బేరింగ్ ప్రాబ్లమ్. నాకు ఈయన నచ్చింది ఇక్కడే. లాగ్స్ చదివి బగ్ పట్టుకున్నట్టు శబ్దం విని పట్టుకున్నాడు.

చార్న్‌లీ 1911లో లాంకషైర్‌లోని బరీ అనే ఊళ్లో పుట్టాడు. బట్టల మిల్లుల ప్రాంతం. విగన్ దగ్గర రైటింగ్టన్ అనే పాత టీబీ ఆసుపత్రిలో వర్క్‌షాప్ పెట్టుకున్నాడు, లేత్ మెషీన్ తెప్పించాడు. హ్యారీ క్రేవెన్ అనే యువ మెకానిక్ ఆయనకి కుడిభుజం. రాపిడి తగ్గాలంటే బంతి చిన్నదిగా ఉండాలని లెక్కేసి, చివరికి 22 మిల్లీమీటర్ల దగ్గర ఆగాడు. దాదాపు మన రూపాయి బిళ్ల వెడల్పు. సహజమైన బంతి దీనికి రెట్టింపు ఉంటుంది. ఈ 22 అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. గిన్నెకి టెఫ్లాన్ వాడాడు. మన దోసె పెనం మీద ఉండే టెఫ్లానే. ఎముకలో అతికించడానికి పళ్ల డాక్టర్లు వాడే యాక్రిలిక్ సిమెంటు.

రిజల్ట్ అద్భుతం. మంచం మీంచి లేవలేని వాళ్లు నడిచి వెళ్లారు. 1958 నుంచి మూడు నాలుగేళ్లలో దాదాపు 300 మందికి చేశాడు. 1961లో లాన్సెట్ పత్రికలో రాశాడు.

తర్వాత వాళ్లే ఒక్కొక్కరూ వెనక్కి రావడం మొదలైంది.

టెఫ్లాన్ అరిగిపోతోంది. అరిగిన పొడి చుట్టూ ఉన్న కండలో, ఎముకలో మంట పుట్టిస్తోంది. చార్న్‌లీ టెఫ్లాన్ ముక్కని తన తొడలోనే పెట్టుకుని చూశాడు. గడ్డ కట్టింది, అంటే తప్పు పేషెంటు శరీరంలో లేదు, తను ఎంచుకున్న పదార్థంలో ఉంది. అక్కడితో చేతులు దులుపుకోలేదు. తను పెట్టినవాటిని తనే ఒక్కొక్కటిగా తిరిగి తీయాల్సి వచ్చింది. ఇవాళ మనం రివిజన్ అని స్టైల్‌గా అంటున్నామే, అది ఇలా పుట్టింది. ప్రోగ్రెస్ లాగా కాదు, తప్పు దిద్దుకోవడం లాగా.

ఆ రోజుల్లోనే ఒక సేల్స్‌మన్ రైటింగ్టన్‌కి ఒక ప్లాస్టిక్ ముక్క తెచ్చాడు. లాంకషైర్ మిల్లుల్లో మగ్గాల గేర్లకి వాడే పాలిథిలీన్ అది. చార్న్‌లీ గోటితో నొక్కి చూసి, ఇది పనికిరాదు పొమ్మన్నాడు. ఆయన ఊళ్లో లేనప్పుడు క్రేవెన్ మాత్రం ఊరుకోలేక దాన్ని టెస్టింగ్ మెషీన్‌కి ఎక్కించాడు. రాత్రీ పగలూ తిప్పాడు. మూడు వారాలు తిరిగినా, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అరగలేదు. చార్న్‌లీ తిరిగొచ్చి చూసి మనసు మార్చుకున్నాడు. దీన్ని కూడా తన తొడలో పెట్టుకుని పరీక్షించుకుని, 1962 నవంబరులో మొదటి పేషెంటుకి అమర్చాడు. ఇవాళ ప్రపంచంలో జరిగే తుంటి మార్పిడులకి తల్లివేరు అదే. 2007లో లాన్సెట్ ఈ ఆపరేషన్‌ని శతాబ్దపు ఆపరేషన్ అంది. క్రెడిట్ మాత్రం ఎక్కువగా సర్జన్ ఖాతాలోనే పడింది. బాస్ రిజెక్ట్ చేసినదాన్ని సైడ్‌లో రన్ చేసిన జూనియర్‌కి ఒక వీడియో అయినా బాకీ ఉన్నాం అనిపిస్తుంది నాకు.

సరే, ఇక్కడివరకు ఏ డాక్యుమెంటరీలోనైనా చెప్తారు. ఆపరేషన్ థియేటర్ తలుపు మూసుకోగానే కెమెరా ఆగిపోతుంది. మర్నాడు పొద్దున ఆ మనిషిని ఎవరు లేపారు, ఎలా లేపారు, అది ఎవరూ చూపించరు.

నిజానికి చాలాకాలం ఎవరూ లేపలేదు. పందొమ్మిదో శతాబ్దంలో లివర్‌పూల్‌లో హ్యూ ఓవెన్ థామస్ అని ఎముకల వైద్యంలో పెద్ద పేరున్న మనిషి. విశ్రాంతి బలవంతంగా అయినా ఇవ్వాలి, మధ్యలో ఆపకూడదు, చాలాకాలం ఇవ్వాలి అనేది ఆయన సిద్ధాంతం. టీబీ పట్టిన కీళ్లకి మందులే లేని రోజుల్లో అందులో న్యాయం ఉంది. కానీ ఆ మాట తరాల తరబడి అన్ని జబ్బులకీ పాకింది. చార్న్‌లీ పేషెంట్లు కూడా ఆపరేషన్ తర్వాత కాళ్ల మధ్య త్రికోణం దిండు పెట్టుకుని మంచంలోనే ఉండేవాళ్లు. దానికి కారణం ఉంది లెండి. కీలు దాకా వెళ్లడానికి ఆయన తొడ ఎముక పక్కనున్న ఎముక బొడిపెని కోసి, చివర్లో తీగతో కట్టేవాడు. అది అతుక్కోవాలి కదా.

మంచం మీద మొదట తిరగబడ్డవాళ్లలో నాకు ఇష్టమైన మనిషి రిచర్డ్ యాషర్, లండన్ డాక్టర్. 1947లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో, మంచమెక్కడం వల్ల ప్రమాదాలు అని ఒక వ్యాసం రాశాడు. కాళ్లలో రక్తం గడ్డకట్టడం, ఊపిరితిత్తుల్లో నెమ్ము, పుండ్లు, కరిగిపోయే కండ, పీల్చేసినట్టయ్యే ఎముక, చివరికి లేవాలన్న కోరికే చచ్చిపోవడం, ఇలా తల నుంచి కాళ్ల దాకా లిస్టు రాశాడు. వెటకారం కూడా బాగా తెలిసిన మనిషి. పదే పదే దొంగ జబ్బులతో ఆసుపత్రులు తిరిగేవాళ్లకి మంచాజెన్ సిండ్రోమ్ అని పేరు పెట్టింది కూడా ఈయనే.

ఇంకొకటి చెప్తా, ఇది మన వయసు వాళ్ల గురించి. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఐదుగురు కుర్రాళ్లని, అందరికీ ఇరవై ఏళ్లు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లని, మూడు వారాలు మంచం దిగకుండా పడుకోబెట్టారు. వాళ్ల శారీరక సామర్థ్యం ఎంత పడిపోయిందో కొలిచారు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ ఐదుగురినే మళ్లీ పిలిచి కొలిచారు. ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం కంటే ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువ. ఇరవై ఏళ్ల వాళ్లకే ఇలా ఉంటే మా అమ్మమ్మ లాంటి డెబ్బై నాలుగేళ్ల మనిషికి ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఊహించక్కర్లేదు, మా ఇంట్లో చూశాం. 2011లో మొదటి ఆపరేషన్ అయ్యాక ఆవిడని కాలు కింద పెట్టనివ్వలేదు. మాటవరసకి కాదు, నిజంగానే. మంచం మీదకే కాఫీ, మంచం మీదకే అన్నం. లేవబోతే చుట్టాలందరూ ఒకే మాట, "కదలకు పిన్నీ, కుట్లు ఊడతాయి." ప్రేమేనండీ అదంతా. ఆ ప్రేమతోనే ఆవిడ తుంటి పక్క కండ కరిగిపోయింది. తర్వాత పదకొండేళ్లు ఊగుతూనే నడిచింది.

ఆ ఊగుడుకి కూడా ఒక చరిత్ర ఉంది. 1895లో జర్మనీలో ట్రెండెలెన్‌బర్గ్ అనే సర్జన్ దీన్ని వివరించాడు. మనం ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు నడుము రెండో వైపుకి ఒరిగిపోకుండా తుంటి పక్కనుండే కండ పట్టుకుని లాగుతుంది. ఆ కండ బలహీనమైతే ఆ కాలి మీద బరువు వేసినప్పుడల్లా రెండోవైపు నడుము కిందకి జారుతుంది. దాన్ని సర్దుకోవడానికి మనిషి ఒళ్లంతా పక్కకి ఊపుతాడు. నడక అంటే ఏంటి మరి? ఒకదాని తర్వాత ఒకటి ఒంటికాలి మీద నిలబడడమేగా.

ఇక్కడ ఒక్క నిమిషం ఇంజినీరింగ్ మాట్లాడనివ్వండి, నా డిగ్రీకి ఇన్నాళ్లకి పని దొరికింది. త్రాసు ఊహించుకోండి. మధ్యలో ముల్లు ఉండే చోటు తుంటి కీలు. ఒకవైపు దూరంగా శరీరం బరువు. రెండోవైపు చాలా దగ్గరగా ఆ కండ. దగ్గరగా ఉంది కాబట్టి రెట్టింపు పైగా బలంతో లాగితేగాని త్రాసు నిలవదు. కీలు మీద ఈ రెండు బరువులూ కలిసి పడతాయి. 1980ల చివర్లో బెర్లిన్‌లో బెర్గ్‌మన్ బృందం సెన్సర్లు, చిన్న ట్రాన్స్‌మిటర్ ఉన్న కీళ్లని పేషెంట్లకి అమర్చి నిజంగానే కొలిచారు. మామూలు నడకలో ఒంటి బరువుకి రెండున్నర రెట్ల దాకా పడుతోంది. తొట్రుపడితే ఏడెనిమిది రెట్లు! అంటే అరవై కేజీల మనిషి కాలు తట్టుకుంటే ఆ క్షణంలో కీలు మీద 400 కేజీల పైమాటే.

ఇప్పుడు చేతికర్ర. కుడి తుంటి ఆపరేషన్ అయితే కర్ర ఏ చేత్తో పట్టుకోవాలి? మా ఊళ్లో పదిమందిని అడిగితే పదిమందీ కుడి చేత్తో అన్నారు. నొప్పి ఉన్నవైపే కదా ఆసరా కావాలి అని. తప్పు. ఎడమ చేత్తో పట్టుకోవాలి. అటువైపు కర్ర కీలుకి దూరంగా ఉంటుంది, త్రాసులో పొడుగు చేయి దొరుకుతుంది, కొంచెం నొక్కినా కండ మీద చాలా భారం తగ్గుతుంది. 1956లో అమెరికాలో వాల్టర్ బ్లౌంట్ అనే ఎముకల డాక్టర్ ఏకంగా, చేతికర్ర పారేయకండి అని టైటిల్ పెట్టి వ్యాసం రాశాడు. జనం కర్ర పట్టుకోవడానికి సిగ్గుపడుతున్నారని ఆయన బాధ. అమ్మమ్మ కూడా అంతే. "కర్ర పట్టుకుంటే ముసలిదాన్ననుకుంటారు" అంది. డెబ్బై నాలుగేళ్లప్పుడు.

మరి మంచం దింపే పని చేసిందెవరు? బ్రిటన్‌లో 1894లో నలుగురు నర్సులు కలిసి, శిక్షణ పొందిన మసాజ్ చేసేవాళ్ల సంఘం పెట్టారు. అప్పట్లో మసాజ్ పేరుతో చెడ్డ వ్యాపారాలు నడిచేవి, మా పని అది కాదు, ఇది వైద్యం అని నిరూపించుకోవడానికే ఆ సంఘం. ఇవాళ్టి ఫిజియోథెరపీ వృత్తికి అక్కడ అది మొదటి మెట్టు. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, గాయపడ్డ సైనికులని మళ్లీ నిలబెట్టాల్సి వచ్చింది, ఆ పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే. సర్జన్ల పేర్ల మీద కీళ్లున్నాయి, దిండ్లు కూడా ఉన్నాయి. చార్న్‌లీ దిండు అనే అంటారు ఇప్పటికీ. "ఊ, ఇంకో అడుగు" అని పొద్దున్నే మంచం పక్కన నిలబడ్డ మనిషి పేరు మీద ఏమీ లేదు.

అసలు మార్పు 1990లలో డెన్మార్క్ నుంచి వచ్చింది. హెన్రిక్ కెలెట్ అనే సర్జన్ చాలా అమాయకమైన ప్రశ్న వేశాడు. ఈ పేషెంటు ఇవాళ ఇంకా ఆసుపత్రిలో ఎందుకున్నాడు? నొప్పా, వాంతులా, ట్యూబులా, భయమా, లేక మన అలవాటా? ఒక్కొక్క కారణాన్నీ విడివిడిగా తీసి పరిష్కరించడం మొదలుపెట్టాడు. మొదట పేగుల ఆపరేషన్లలో, తర్వాత అదే ఆలోచన కీళ్లకి పాకింది. నొప్పి మందులు రకరకాలుగా కలిపి ఇవ్వడం, మత్తు మందులు తగ్గించడం, ఆపరేషన్ ముందే అన్నీ వివరించడం, అదే రోజు లేపి నిలబెట్టడం. డెన్మార్క్‌లో తుంటి, మోకాలు మార్పిడికి 2000 ప్రాంతంలో పది పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండేవాళ్లు. 2009 కల్లా నాలుగు రోజులకి వచ్చింది. కొత్త కీలు ఏదో కనిపెట్టడం వల్ల కాదు, మంచం దింపడం వల్ల.

రివిజన్ మాత్రం ఇంత తేలిక కాదు, అది మొహమాటం లేకుండా చెప్పాలి. పాత కీలు తీసేటప్పుడు ఎముక కొంత పోతుంది. కండని రెండోసారి కోస్తారు. కొన్నిసార్లు ఎముక పొడి నింపి కూరాల్సి వస్తుంది, కొన్నిసార్లు తొడ ఎముకని పొడుగునా తెరిచి మళ్లీ కట్టాల్సి వస్తుంది. అందుకే కొన్ని వారాలపాటు కాలి మీద పూర్తి బరువు వేయనివ్వరు. కీలు జారిపోయే ప్రమాదం కూడా మొదటిసారి కంటే ఎక్కువ.

అమ్మమ్మకి ఆరు వారాలు ఇరవై కేజీలకు మించి బరువు వేయొద్దన్నారు. ఇరవై కేజీలంటే ఎంతో కాలికి ఎలా తెలుస్తుంది? ఫిజియో అమ్మాయి బరువు తూచే మెషీన్ తెచ్చి అమ్మమ్మ కుడి పాదం దాని మీద పెట్టించింది. "నెమ్మదిగా నొక్కండి మామ్మగారూ... ఆ, అక్కడ ఆగండి. అదీ ఇరవై." అమ్మమ్మ కిరాణా కొట్టువాడి కాటాని అనుమానంగా చూసినట్టు ఆ ముల్లు వంకే చూసేది. నాలుగు రోజుల్లో చూడకుండానే ఇరవై దగ్గర ఆపడం నేర్చుకుంది.

ఫిజియో వారానికి మూడు రోజులు వచ్చేది. మిగతా రోజులు నావి. రోజుకి మూడుసార్లు వాకర్‌తో వరండా చివరిదాకా నడిపించి తీసుకురావాలి, మొత్తం పది నిమిషాల పని. నేనేం చేశానంటే... "అమ్మమ్మా, ఒక్క కాల్ అయిపోనీ." కాల్ తర్వాత ఇంకో కాల్. రిలీజ్ ఉంది, ప్రొడక్షన్ ఇష్యూ ఉంది, మూడుసార్లు కాస్తా ఒకసారి అయింది. పందొమ్మిదో రోజు నేను హెడ్‌సెట్ పెట్టుకుని మీటింగ్‌లో ఉండగా ఆవిడే లేచి వాకర్ అందుకోబోయింది. నాకు శబ్దం కూడా వినపడలేదు. మ్యూట్‌లో ఉన్నది నేనే, బయట ప్రపంచానికి.

అదృష్టం, మంచం పట్టె పట్టుకుని జారిందే తప్ప పడలేదు. ఎక్స్‌రేలో కీలు ఉన్నచోటే ఉంది. కానీ భయం పట్టుకుంది. దాదాపు నెల రోజులు ఎవరు బతిమాలినా మంచం దిగలేదు. యాషర్ 1947లో రాసిన లిస్టులో చివరి ఐటమ్, లేవాలన్న కోరిక చచ్చిపోవడం, నేను కళ్లారా చూశాను. అది చదివింది మాత్రం చాలా తర్వాత.

మళ్లీ లేపింది ఆ ఫిజియో అమ్మాయే. ఆవిడ వాకర్ గురించి మాట్లాడడం మానేసి, "మామ్మగారూ, పెరట్లో గోంగూర ముదిరిపోతోంది, ఎవరు కోస్తారు?" అంది. మూడో రోజుకి అమ్మమ్మ పెరటి గుమ్మం దాకా వచ్చింది. ఆ గోంగూర కోసింది నేనే అనుకోండి, అమ్మమ్మ గుమ్మంలో నిలబడి తిడుతుంటే.

ఇక ఆ జిరాక్స్ కాగితం. తొంభై డిగ్రీలకి మించి వంగొద్దు, కాలు మీద కాలు వేసుకోవద్దు, పాదం లోపలికి తిప్పొద్దు. ఈ రూల్స్ ఊరికే పుట్టలేదు. గిన్నెలో బంతి చిన్నదైతే కాస్త పైకి లేస్తే చాలు, అంచు దాటి బయటికి జారిపోతుంది. 22 గుర్తుందా? చిన్న బంతితో రాపిడి తగ్గింది గానీ, అది జారడానికి ఎక్కువ దూరం కూడా అక్కర్లేదు. పైగా తర్వాత చాలామంది సర్జన్లు వెనక వైపు నుంచి కోసి చేయడానికి మారారు, మోకాలు ఛాతీ వైపు వంచి లోపలికి తిప్పితే జారేది ఆ వైపే. అందుకని మూడు నెలలు ఇలా ఉండండి అన్నారు. ఇప్పుడు 32, 36 మిల్లీమీటర్ల బంతులు వచ్చాయి, కండని తిరిగి కుట్టే పద్ధతులు మెరుగయ్యాయి. ఈ శతాబ్దంలో జరిగిన కొన్ని అధ్యయనాల్లో, మొదటిసారి ఆపరేషన్ అయిన పేషెంట్లకి ఈ ఆంక్షలు సడలించినా కీళ్లు జారడం పెరగలేదని తేలింది. దాంతో కొన్ని ఆసుపత్రులు లిస్టు కుదించాయి. రివిజన్ వాళ్ల విషయంలో మాత్రం జాగ్రత్తగానే ఉన్నారు. కాబట్టి అమ్మమ్మకి డాక్టర్ వద్దన్నది న్యాయమే. నా గొడవ ఆ కాగితంతో. కుర్చీలో బతికే దేశంలో కుర్చీ జీవితం కోసం రాసినదాన్ని అలాగే జిరాక్స్ తీసి మనకిచ్చారు.

మన దేశంలో నేల జీవితం గురించి ఆలోచించి డిజైన్ చేసినవాళ్లు లేకపోలేదు. 1960ల చివర్లో జైపూర్‌లో డాక్టర్ పీకే సేథీ, శిల్పి రామచంద్ర శర్మ కలిసి చేసిన జైపూర్ పాదం అలాంటిదే. విదేశీ కృత్రిమ పాదం పెట్టుకుంటే బాసింపట్టు వేసుకుని కూర్చోలేరు, గొంతుక్కూర్చోలేరు, పొలంలో ఉత్త కాళ్లతో నడవలేరు. ఇవన్నీ చేయగలిగేలా రబ్బరుతో చేశారు. పాదానికి జరిగిన ఆ ఆలోచన, తుంటి ఆపరేషన్ తర్వాత ఇచ్చే కాగితానికి కూడా జరగాలని నా ఆశ.

చివరగా ఒకటి, ఇది మీరు ఇవాళే చేయగలిగింది. రివిజన్‌కి ముందు సర్జన్ మమ్మల్ని అడిగారు, 2011లో పెట్టింది ఏ కంపెనీది, ఏ సైజు అని. ఆపరేషన్ ఫైల్లో స్టిక్కర్లు అంటిస్తారట, అందులో అన్నీ ఉంటాయట. మా ఇంట్లో ఆ ఫైలు ఎప్పుడో పాత పేపర్లతో పాటు వెళ్లిపోయింది. ఎందుకంత ముఖ్యం అంటే, డీప్యూ కంపెనీ ఏఎస్ఆర్ అనే లోహపు కీలుని 2010 ఆగస్టులో ప్రపంచమంతా వెనక్కి తీసుకుంది. అప్పటికి దాదాపు 93 వేలు అమ్ముడయ్యాయి, మన దేశంలోనే సుమారు 4,700 ఆపరేషన్లు. ఇక్కడ వాళ్లలో చాలామంది ఆచూకీయే దొరకలేదు. మరి అది చెడిపోతోందని తొందరగా పట్టుకున్నదెవరు? పెట్టిన ప్రతి కీలునీ దేశమంతటా రాసిపెట్టే ఆస్ట్రేలియా రిజిస్ట్రీ లాంటివి. స్వీడన్ 1979 నుంచే తుంటి కీళ్ల లెక్క రాస్తోంది. ఇలాంటి లెక్కల వల్లే 2019లో చెప్పగలిగారు, తుంటి కీళ్లలో 58 శాతం పాతికేళ్లు నిలుస్తున్నాయని. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయి ఉంటే ఆ స్టిక్కర్ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. అంతే.

ఈ లెక్క రాసే అలవాటు కూడా ఒక రకంగా చార్న్‌లీ దగ్గరికే వెళ్తుంది. టెఫ్లాన్ దెబ్బ తిన్నాక ఆయన పేషెంట్లని ఒక మాట అడిగేవాడు. మీరు పోయాక ఆ కీలు తీసి చూడనిస్తారా, ఎంత అరిగిందో తెలుసుకుంటాను అని. దాదాపు అందరూ సరేనన్నారట. చెడిపోయిన కీళ్లు పెట్టిన డాక్టర్‌ని జనం అంత నమ్మారు.

మా అమ్మమ్మ కూడా రివిజన్ అయ్యాక, తీసేసిన పాత కీలు చూపించమని అడిగింది. నర్సు స్టీలు ట్రేలో పెట్టి తెచ్చింది. అమ్మమ్మ చాలాసేపు చూసి, "ఇంతేనా ఇది" అంది. ఇంటికి తీసుకెళ్తానంటే ఇవ్వలేదు. ఆవిడకిప్పుడు డెబ్బై ఏడు. ఎడమ చేత్తో కర్ర పట్టుకుని వీధి చివర గుడిదాకా వెళ్లొస్తుంది. పీట అటక మీదే ఉంది, కత్తిపీట పక్కింటివాళ్లకి ఇచ్చేశాం. వంటగదిలో గట్టు ఎత్తుకి సరిపోయే పొడుగు స్టూలు చేయించాం. వడ్రంగికి కొలత చెప్పింది ఆవిడే, మోకాలి కంటే తుంటి పైనే ఉండాలి అని.

ఇవాళ్టికి ఇదండీ. రివిజన్ అయినవాళ్లు మీ ఇంట్లో ఉంటే వాళ్లు ఎలా లేచారో, ఎవరు లేపారో కామెంట్‌లో రాయండి, నేను చదివి వినిపిస్తా, అమ్మమ్మ వింటుంది. ఆరున్నర అయింది, గుడికి టైమ్. కెమెరా ఆపేస్తున్నా.